అత్త బస్సులో మరిచిపోయినది

నాటకానికి ఇంకా ఐదు వారాలే ఉన్నాయనగా నన్ను పిలిచారు. అత్త వేషం వేయాల్సినావిడ కూతురి కాన్పుకని కడలూరు వెళ్ళిపోయింది. ఆ వయసువాళ్ళు ఇంకెవరూ దొరకలేదు. మా వీధిలో ఉండే ఒక అమ్మాయి, కంప్యూటర్ల ఆఫీసులో పని చేసేది, అందులో కోడలి వేషం వేస్తోంది. ఒకరోజు సాయంత్రం మా గుమ్మంలో నిలబడి, "అత్తా, మీరు ఇంట్లో మాట్లాడేటట్టు మాట్లాడితే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు" అంది. ఆ మాట నమ్మి వెళ్ళాను. నిజం కాదని మొదటి రోజే తెలిసింది.

నేనప్పుడు సర్కారు ఆసుపత్రిలో గుడ్డల స్టోరు చూసేదాన్ని. ఉతికి వచ్చిన దుప్పట్లు, తలగడ గలీబులు, ఆపరేషను గౌన్లు వార్డులకు పంపడం, మాసినవి తీసుకోవడం నా పని. ముత్తియాల్‌పేటలో ఇల్లు. ఇంట్లో నేను, మా ఆయన, మా అమ్మ. మేం తెలుగువాళ్ళం. మా పెద్దలు ఈ ఊరికి ఎప్పుడు వచ్చారో, ఏ ఊరి నుంచి వచ్చారో మా అమ్మకూ తెలియదు, వాళ్ళమ్మకూ తెలియదు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివింది తమిళం. తెలుగు అక్షరాలంటే తిరుపతి వెళ్ళినప్పుడు బోర్డుల మీద చూడడమే. ఇప్పుడు ఇది రాస్తున్నానంటే ఆ తర్వాత నేర్చుకున్నానన్నమాట. ఒత్తులు ఇప్పటికీ తప్పుతాను, ఆ అమ్మాయే దిద్దిపెడుతుంది.

మా తెలుగు సంఘం ఏటేటా ఏదో ఒక సభ పెడుతుంది. ఆ ఏడు నాటకం వేద్దామన్నారు. రాసిందీ నేర్పిందీ ఒక మాస్టారు. మా సర్కారు కిందే ఉన్న యానాం నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే రిటైరైన తెలుగు మాస్టారు. రిహార్సళ్ళు ఒక కల్యాణమండపం పైఅంతస్తులో, భోజనాల హాల్లో. పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మాకు వదిలేవారు. బల్లలు గోడకు జరిపి, ఖాళీ చేసిన మధ్య స్థలాన్ని ఇల్లు అనుకునేవాళ్ళం. ఎంత కడిగినా అక్కడ సాంబారు వాసన పోయేది కాదు.

మొదటి రోజు నేను లోపలికి వస్తూనే అనాల్సిన మాట ఒకటుంది. నేను "యాడికి పోతా ఉండారు అందరూ?" అన్నాను. మాస్టారు చెయ్యెత్తి ఆపారు. "ఎక్కడికి వెళుతున్నారు అనండమ్మా" అన్నారు. అన్నాను. నాలుగు మాటల తర్వాత మళ్ళీ ఆపారు. నేను "ఏంది" అన్నానట, "ఏమిటి" అనాలట. ఆ సాయంత్రం ఆయన నన్ను ఎన్నిసార్లు ఆపారో తెలియదు. విసుక్కోలేదు, చాలా మర్యాదగానే ఆపారు. కానీ ఇంటికి నడిచి వస్తుంటే నాకు తల తిరిగిపోయింది. యాభై ఏళ్ళు నేను తెలుగు మాట్లాడుతున్నాననే అనుకున్నాను. మరి నేను మాట్లాడింది ఏ భాష?

వారం తర్వాత ఆయనే మనసు మార్చుకున్నారు. "అత్తది ఈ ఊరే అనుకుందాం. మీ మాట మీరు మాట్లాడండి. ముఖ్యమైన చోట్ల మాత్రం నేను రాసినట్టే చెప్పండి" అన్నారు. దాంతో ఇంకా కష్టమైంది. ఏ మాట నాది, ఏ మాట ఆయనది అన్నది గుర్తుండేది కాదు. పెళ్ళికొడుకు తండ్రితో ఆయన తెలుగు మొదలుపెట్టి, సగంలో మా అమ్మ తెలుగులోకి దిగిపోయేదాన్ని.

మాలో ఐదుగురికి తెలుగు చదవడం రాదు. అందుకని ఆ కోడలి వేషం అమ్మాయి మాస్టారి రాతనంతా తమిళ అక్షరాల్లో ఎత్తిరాసి, ఒక్కొక్కరికీ ఒక నోటుబుక్కు ఇచ్చింది. ముద్దుగా, గుండ్రంగా రాసింది. అందరమూ దాన్నే చదువుకునేవాళ్ళం. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. మాట తెలిసినవాళ్ళు దాన్నిబట్టి పలుకుతారు. చిన్నప్పటినుంచీ అలా చదివినవాళ్ళకు అదేమీ కష్టం కాదు. అందులో చిక్కేమైనా ఉంటుందని ఆ అమ్మాయికి గానీ నాకు గానీ తోచలేదు.

నాటకంలో అత్త మేనకోడలి పెళ్ళికని అన్న ఇంటికి వస్తుంది. వచ్చిన గంటకే ఆ ఇంట్లోవాళ్ళకు ఊపిరాడనివ్వదు. గరిటెలు ఎన్నున్నాయో చూస్తుంది, గదికి తాళం వేసి తాళంచెవి కొంగున కట్టుకుంటుంది, ఎవరి చెప్పులు ఎక్కడున్నాయో అడుగుతుంది. పెళ్ళి పక్క ఊళ్ళో. అందరూ బస్సులో పోదామంటే తను ఎక్కనంటుంది. రెండో రంగంలో ఆ ఇంటి కోడలు, "బస్సంటే మీకెందుకంత భయం, అత్తయ్యా?" అని అడుగుతుంది. దానికి అత్త చెప్పే జవాబు మాస్టారు రాసినట్టే చెప్పాలి.

మొదటిసారి ఆ జవాబు నేను వంటింట్లో, అన్నం ఉడుకుతుంటే, గట్టు మీద నోటుబుక్కు పెట్టుకుని చదివాను. "ఒకసారి పెద్ద వాన. కొడుకును బస్సులోనే మరిచిపోయి దిగిపోయాను. మళ్ళీ దొరకలేదు. అప్పటినుంచీ ఎక్కలేదు." అంతే ఉంది. చదివి పొయ్యి తగ్గించి అక్కడే ముక్కాలిపీట మీద కూర్చున్నాను. అప్పటిదాకా అత్త నాకు గయ్యాళిలాగే కనిపించింది. ఇప్పుడు ఆ తాళాలు, ఆ గరిటెలు, ఆ చెప్పులు అన్నీ అర్థమైపోయాయి. కొడుకును పోగొట్టుకున్న మనిషి మరి ఏ వస్తువునూ కంటిముందు నుంచి పోనివ్వదు.

ఇంకొక సంగతి కూడా ఉంది. నాకు ఏడేళ్ళప్పుడు మా అమ్మ నన్ను బస్సులో వదిలేసి దిగిపోయింది.

అప్పుడూ వానే. అమ్మ చంకలో మా తమ్ముడు, చేతిలో సంచీ. నాకు కిటికీ పక్క చోటు దొరికింది. ముత్తియాల్‌పేట స్టాపులో అమ్మ దిగింది. నేను దిగలేదు. బస్సు కదిలింది. కండక్టరు నన్ను చూసేసరికి పిళ్ళైచావడి వచ్చేసింది. అక్కడ చేపలమ్మే ఒకామె, ఖాళీ బుట్టతో ఇంటికి పోబోతున్నది, నన్ను అడిగి ఊరు తెలుసుకుని, తిరుగు బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తీసుకొచ్చింది. మా ఇంటిదాకా వచ్చింది. అమ్మ వంటింట్లో ఉంది. నన్ను చూసి, "కాళ్ళు కడుక్కోని రా" అంది. నాకు గుర్తున్నది అంతే. తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

అందుకని రిహార్సల్లో ఆ జవాబు చెప్పేటప్పుడు నేను ప్రత్యేకంగా చేసిందేమీ లేదు. కోడలి ముఖం చూడకుండా, కొంగున తాళంచెవి పట్టుకుని, మెల్లగా చెప్పాను. మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఇంతే. ఇలాగే చెప్పండమ్మా. మీరు మాత్రం ఏ భావమూ చూపించకండి, పొడిగా అనేసి ఊరుకోండి. మిగతాది జనం చూసుకుంటారు" అన్నారు. జనం ఏడుస్తారని ఆయన ఉద్దేశమనుకున్నాను.

రెండు రోజుల తర్వాత, అందరూ టీ తాగుతుంటే, ఆ మాట ఆయనకు ఎక్కడ దొరికిందని అడిగాను. మా అమ్మ సంగతి ఎవరైనా చెప్పారేమోనని నా అనుమానం. ఆయన నవ్వారు. "మా మేనత్తకు జరిగిందేనమ్మా. కాకినాడ బస్సులో. చచ్చిపోయేదాకా చెప్పుకునేది. పిల్లలం ఆవిడ చేత మళ్ళీ మళ్ళీ చెప్పించుకుని పడిపడి నవ్వేవాళ్ళం" అన్నారు.

ఈయన ఎంత నెమ్మదిగా మాట్లాడే మనిషి. పాఠం చెప్పినట్టు చెబుతాడు, ఎవరినీ ఒక్క మాట అనడు. అలాంటి మనిషి, బిడ్డను పోగొట్టుకున్న సొంత మేనత్తను చూసి నవ్వానని టీ తాగుతూ చెబుతున్నాడు. పక్కనున్నవాళ్ళూ నవ్వారు. నేను గ్లాసు కింద పెట్టి బాత్రూముకని వెళ్ళి కాసేపు అక్కడే నిలబడ్డాను. మర్నాడు స్టోరులో పిల్లల వార్డుకు పంపాల్సిన చిన్న దుప్పట్లు మగవాళ్ళ వార్డుకు పంపేశాను. నర్సమ్మ వాటిని తిప్పి పంపి, ఏమైంది నీకు అని అడిగింది. ఏమైందో నాకూ తెలియలేదు.

ఆ ఆదివారం పొద్దున మా అమ్మ గుమ్మంలో కూర్చుని ములగాకు దూస్తోంది. అమ్మకు ఎనభై దాటాయి, చెవులు బాగానే వినిపిస్తాయి. పక్కన కూర్చుని నేనూ ఒక కొమ్మ తీసుకున్నాను. నలభై ఏళ్ళకు పైగా అడగని మాట ఒక నాటకం కోసం అడుగుతున్నానా, నా కోసం అడుగుతున్నానా అన్నది అప్పుడూ తేలలేదు.

"అమ్మా, నన్ను ఒకతూరి బస్సులో యిడిసిపెట్టి దిగేసినావు కదా. నీకి గ్యాపకం ఉండాదా?"

అమ్మ చెయ్యి ఆగలేదు. "నేను యాడ యిడిసినా? నువ్వే దిగలా."

"నాకి ఏడేండ్లు అప్పుడు."

"పిలిచినా నిన్ను. రెండు తూర్లు పిలిచినా. నన్ను చూసినావు. చూసి మళ్ళా కిటికీ తట్టు తిరుక్కున్నావు." ఆ తర్వాత అమ్మ చాట ఎత్తి చూసి, ఆకులో పురుగులున్నాయని లేచి లోపలికి పోయింది.

నేను ఆ కొమ్మ పట్టుకుని అలాగే కూర్చున్నాను. అమ్మ పిలిచినట్టు నాకు గుర్తు లేదు. గుర్తు లేదని గట్టిగా చెప్పనూ లేను, ఎందుకంటే అమ్మ అన్న తర్వాత, బస్సు మెట్ల దగ్గర తడిసిన తల, పైకి చూస్తున్న కళ్ళు నాకు కనిపించడం మొదలైంది. అది నిజంగా గుర్తొచ్చిందో, అమ్మ మాట విని నేను కల్పించుకున్నానో తెలియదు. దిగకుండా నేనెందుకు కూర్చుంటాను? ఏడేళ్ళ పిల్ల తల్లి పిలిస్తే దిగకుండా కూర్చుంటుందా?

ఆ వారమంతా రిహార్సల్లో నేను ఆ జవాబు ఒక్కోసారి ఒక్కో రకంగా చెప్పాను. ఒకరోజు తప్పు అత్తదే అన్నట్టు వచ్చేది. ఒకరోజు, పిలిచినా దిగని కొడుకు మీద కోపంగా వచ్చేది. కోడలి వేషం అమ్మాయి నన్ను వింతగా చూసేది. మాస్టారు మాత్రం ప్రతిసారీ తలూపేవారు. ఒకరోజు, "ఇంత చిన్న సంగతికి ఇంత బరువు పెడుతున్నారు చూడండి, అక్కడే ఉంది అసలు కిటుకు" అని మిగతావాళ్ళకు చెప్పారు. చిన్న సంగతా అనుకున్నాను.

నాటకం ఇంకా నాలుగు రోజులుందనగా గోడల మీద పోస్టర్లు వేశారు. మా వీధి మలుపులో స్కూటర్లు బాగుచేసే షెడ్డు ఉంది, దాని గోడ మీద ఒకటి. ఆసుపత్రికి పోతూ ఆగి చూశాను. పైన తమిళంలోనూ తెలుగులోనూ పెద్ద అక్షరాలు. కింద బొమ్మ. వానలో ఒక ఆడమనిషి చీర ఎత్తిపట్టుకుని బస్సు వెనక పరుగెత్తుతోంది. బస్సు కిటికీ దగ్గర, మనిషి కూర్చున్నట్టే, ఒక నల్ల గొడుగు కూర్చుని బయటకు చూస్తోంది.

చాలాసేపు చూశాను. బొమ్మ గీసినవాడు పిల్లవాణ్ణి గీస్తే మరీ బాధగా ఉంటుందని గొడుగు పెట్టాడేమో అనుకున్నాను. లేకపోతే ఆ కిటికీ వెనక ఎక్కడో పిల్లవాడున్నాడేమో, అచ్చులో పడలేదేమో అని దగ్గరికి వెళ్ళి చూశాను. షెడ్డతను ఏం వెతుకుతున్నావక్కా అని తమిళంలో అడిగాడు. ఆటోస్టాండు దాకా నడిచి, ఆ అమ్మాయికి ఫోన్ చేశాను.

"పోస్టర్లో పిల్లవాడు ఏడీ?" అన్నాను.

"ఏ పిల్లవాడత్తా?"

"అదే, అత్త బస్సులో మరిచిపోయిన పిల్లవాడు."

"అత్తా, సాయంత్రం మీ ఇంటికి వస్తా" అంది.

వచ్చింది. మాస్టారు రాసిన కాగితాలూ నా నోటుబుక్కూ పక్కపక్కన పరిచి వేలు పెట్టి చూపించింది. మాస్టారు రాసింది గొడుగు. తను తమిళ అక్షరాల్లోకి ఎత్తితే అందులో కొడుకు అని రాసినా గొడుగు అని రాసినా ఒక్కలాగే ఉంటుంది. మా ఇంట్లో గొడుగు అనే మాటే లేదు. మేము కొడ అంటాం, అది తమిళంలోంచి వచ్చి మా నోట్లో అలా స్థిరపడింది. గొడుగు అంటే నాకు తెలియదని కాదు, కానీ చదివేటప్పుడు అది నా మనసులోకి వచ్చే మాట కాదు. నేను కొడుకు అని చదువుకున్నాను, కొడుకు అనే చెప్పాను. మా నోళ్ళలో రెండో కకారం మెత్తగా గకారంలా పలుకుతుంది. యానాం మాస్టారు చెవికి అది మా యాసలో గొడుగులా వినిపించింది. ఆ అమ్మాయి చెవికి, తను రాసిందే కాబట్టి, గొడుగులాగే వినిపించింది.

ఆ అమ్మాయికి నవ్వు ఆగలేదు. చాప మీద పక్కకు ఒరిగి నవ్వింది. నా ముఖం చూసి ఆపింది. "అత్తా, మూడు వారాల నుంచీ మీరు కొడుకు గురించి చెప్తా ఉండారా?" అంది. అవునన్నాను. మా అమ్మ వచ్చి ఆ అమ్మాయికి కాఫీ ఇచ్చి పోయింది.

మర్నాడు మాస్టారికి చెప్పాం. ఆయన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని విన్నారు. మీరు ఎలా చెబుతున్నారో అలాగే ఒకసారి చెప్పండమ్మా అన్నారు. చెప్పాను. ఈసారి ఆయన కళ్ళు మూసుకుని విన్నారు. కళ్ళు తెరిచి, "ఒక పనికిరాని గొడుగు పోతే ఇంత బాధపడే మనిషి ఉంటుందా అని నవ్వొస్తుంది కదా, అదే నాటకం అనుకున్నాను. మీరు అంత చక్కగా బాధపడుతుంటే, ఆహా ఎంత బాగా పట్టుకున్నారు అనుకున్నాను" అన్నారు. మళ్ళీ, "ఇప్పుడు మిమ్మల్ని ఏమని చెప్పమనాలో నాకు తెలియడం లేదమ్మా" అన్నారు.

నేనూ ఒక మాట చెప్పాల్సింది. ఆయన తన మేనత్తను చూసి నవ్వాడని ఆయన గురించి నేనెంత చెడ్డగా అనుకున్నానో చెప్పి క్షమించమని అడగాల్సింది. అడగలేదు. చెప్పబోతే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

చివరికి ఆయన, రాసింది గొడుగు కాబట్టి గొడుగే చెప్పాలన్నారు. గకారం గొంతులోంచి ఎలా రావాలో ఆ అమ్మాయి నేర్పింది. స్టోరులో ఎవరూ లేనప్పుడు దుప్పట్ల అరల మధ్య నిలబడి గొడుగు, గొడుగు అని అనుకునేదాన్ని. అనడం వచ్చింది గానీ అత్త పోయింది. గొడుగు కోసం తాళాలు వేసుకునే మనిషి నాకు తెలియదు. చెయ్యి కొంగు దగ్గరికి పోయి తాళంచెవి కోసం వెతికితే, ఎందుకు వెతుకుతున్నానో తెలిసేది కాదు. తర్వాతి మాటలు మరిచిపోయేదాన్ని. ఒకసారి అన్న వేషం ఆయన లోపలికి రాకముందే తలుపు వేసి తాళం పెట్టేశాను, ఆయన బయటే నిలబడిపోయాడు. ఆఖరి రిహార్సల్లో నేను మొత్తం పదకొండుచోట్ల ఆగానని ఆ అమ్మాయి చెప్పింది. మాస్టారు నన్ను ఏమీ అనలేదు. ఆయన ఏమైనా అని ఉంటే బాగుండేది.

ఇల్లు చేరాక మానేస్తానని మా ఆయనతో అన్నాను. ఆయనకు ఇదంతా తెలియదు. టికెట్లు ఆఫీసులో అందరికీ ఇచ్చేశాను కదా అన్నాడు.

నాటకం రోజున ఆట సాయంత్రం ఆరున్నరకు. మధ్యాహ్నమే వెళ్ళాం. నా జుట్టుకు తెల్ల పౌడరు పూసి, ముక్కు పక్కన రెండు గీతలు గీశారు. తెర సందులోంచి చూశాను. ముందు వరసల్లో మాస్టారు పిలిచినవాళ్ళు, యానాం నుంచి వచ్చినవాళ్ళు, ఆంధ్రా నుంచి ఉద్యోగాల మీద వచ్చి ఇక్కడుంటున్న కుటుంబాలు. వెనకంతా మావాళ్ళు. ముత్తియాల్‌పేట నుంచి, చుట్టుపక్కల నుంచి, ముసలివాళ్ళనూ పిల్లలనూ వెంటబెట్టుకుని వచ్చారు. వాళ్ళ మధ్యలో, మా ఆయన పక్కన, మా అమ్మ ఆకుపచ్చ చీర కట్టుకుని కూర్చుని ఉంది.

మొదటి రంగం ఎలా గడిచిందో నాకు గుర్తు లేదు. నవ్వులు వినిపించాయి కాబట్టి సరిగానే చేసి ఉంటాను. రెండో రంగంలో ఆ అమ్మాయి నా ఎదుట నిలబడి, బస్సంటే మీకెందుకంత భయం అత్తయ్యా అని అడిగింది. నేను గొంతులోంచి గకారం తెచ్చుకున్నాను. తెచ్చుకున్నాననే అనుకుంటున్నాను. చెప్పాను.

ముందు వరసలు ఒక్కసారిగా నవ్వాయి. మాస్టారు మొదటినుంచీ కోరుకున్న నవ్వు అది. వెనక ఒక్కరూ నవ్వలేదు. ఆ నిశ్శబ్దం స్టేజీ మీదికి తెలిసింది. ముందు నవ్వు తగ్గుతుండగా వెనక నుంచి ఒక ముసలామె గట్టిగా, మా మాటలో, "దీనికి ఏందికి నవ్వుతా ఉండారు వీళ్ళు?" అంది. ముందువాళ్ళు వెనక్కి తిరిగి చూశారు. వెనకవాళ్ళు ముందువాళ్ళను చూశారు. కాసేపు స్టేజీని ఎవరూ చూడలేదు.

ఆ అమ్మాయి తర్వాతి మాట మరిచిపోయింది. నేనూ మరిచిపోయాను. తెర పక్క నుంచి మాస్టారు ఏదో మాట అందిస్తున్నారు, వినిపించలేదు. నోటికి వచ్చింది అన్నాను. "సరే, గరిటెలు యాడ పెట్టినావు?" అన్నాను. అది ఆ రంగంలో మాటే కాదు. హాలంతా నవ్వింది, ముందూ వెనకా. అలా గట్టెక్కాం.

అయిపోయాక చాలామంది లోపలికి వచ్చారు. కళ్ళజోడు పెట్టుకున్న ఒకాయన, ఆ బస్సు జోకు చెప్పడంలో మీ ముఖం కదల్లేదు చూశారా, అది గొప్ప అన్నారు. ఆయన వెనకే ఒకామె వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది. నాకు తెలియని మనిషి. తిరునాళ్ళలో తన కొడుకు తప్పిపోయి రెండు రోజులకు దొరికిన సంగతి చెప్పి ఏడ్చింది. అది గొడుగు అని నేను ఆమెకు చెప్పలేదు. చెప్పాలో లేదో ఇప్పటికీ తెలియదు.

మాస్టారు పక్కకు పిలిచి, "ఏ మాట చెప్పారమ్మా?" అని అడిగారు. గొడుగే చెప్పానన్నాను. ఆ అమ్మాయి తనకు కొడుకు అని వినిపించిందంది. ఎవరో ఫోనులో వీడియో తీశారు. ముగ్గురం తలలు దగ్గర పెట్టుకుని విన్నాం. ఫ్యాన్ల చప్పుడులో అది ఏ మాటో తేలలేదు. నాలుగైదుసార్లు విన్నాక నేను చెప్పింది నాకే కొత్తగా వినిపించింది.

ఇంటికి ఆటోలో వచ్చాం. మా ఆయన డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు, నేనూ అమ్మా వెనక. సగం దారిలో అమ్మ, "ఆ బిడ్డ దొరికినాడా మళ్ళా?" అంది.

"అది బిడ్డ కాదుమా. కొడ. వానకి పట్టుకుంటామే, ఆ కొడ."

"బిడ్డనే. ఇన్నా కదా నేను." కాసేపు బయటకు చూసింది. "నువ్వు వచ్చేదాకా నేను ఆ స్టాపులోనే నిలబడి ఉంటి. నీ తమ్ముడు తడిసిపోయినాడు. మూడు బస్సులు చూసినా. నాలుగోదాంట్లో ఆ మీన్లామె నిన్ను దింపింది."

నేను అమ్మ వైపు తిరిగాను. నాకు గుర్తున్నదాంట్లో అమ్మ వంటింట్లో ఉంది. చేపలామె మా గడప దాకా వచ్చింది. "నువ్వు ఇంట్లో ఉంటివి కదమ్మా. కాళ్ళు కడుక్కోమంటివి" అన్నాను.

"కాళ్ళు కడుక్కోమన్నా. ఇంటికి వచ్చినాంక అన్నా" అంది అమ్మ. ఎవరైనా అంతే కదా అన్నట్టు అంది.

అప్పటికి ఆటో మా వీధిలోకి తిరిగింది. అమ్మ ముందు దిగి, లోపలికి పోకుండా, నేను దిగేదాకా ఆటో కమ్మి పట్టుకుని నిలబడింది. మోకాళ్ళ నొప్పికి అలా నిలబడిందో ఏమో. ఆ తర్వాత నేను మళ్ళీ అడగలేదు. తమ్ముణ్ణి అడిగి లాభం లేదు, వాడప్పుడు చంకబిడ్డ. ఒక్కోరోజు అమ్మ చెప్పిందే జరిగిందనిపిస్తుంది. ఒక్కోరోజు వంటింట్లో అమ్మ వీపు, పొయ్యి మీద ఉడుకుతున్న పప్పు అంత స్పష్టంగా కనిపిస్తాయి, అది ఎలా అబద్ధమవుతుంది అనిపిస్తుంది.

మూడు నెలలకు ఆ నాటకం ఇంకొక చోట వేశాం. గొడవ లేకుండా ఉండాలని మాస్టారు గొడుగు తీసేసి ట్రంకుపెట్టె అని మార్చారు. ముందువాళ్ళూ నవ్వలేదు, వెనకవాళ్ళ మనసూ కదల్లేదు. ట్రంకుపెట్టె బస్సులో మరిచిపోతే ఎవరికైనా బాధే కదా, అందులో విశేషమేముంది. ఆ ఏడాది చివర మాస్టారు భార్యతో యానాం వెళ్ళిపోయారు. పండగలకు ఫోన్ చేస్తారు. మొన్న చేసినప్పుడు, ఆ నాటకం మళ్ళీ దిద్దుతున్నానని, బస్సు సంగతి దగ్గర అత్త ఏం మరిచిపోయిందో చెప్పకుండానే ఊరుకుంటే ఎలా ఉంటుందని అడిగారు. నాకు తెలియదండీ, మీరే చూడండి అన్నాను.